పెద్దపీట ఉంది, పెత్తనం లేదు: పోర్ట్ ఆఫ్ స్పెయిన్ కతోలిక అగ్రపీఠం కథాకమామీషు

క్లుప్తంగా: ట్రినిడాడ్ రాజధాని పోర్ట్ ఆఫ్ స్పెయిన్ 1850లో అగ్రపీఠమైంది. బార్బడోస్, కురసావ్ దీవులలోను, గయానా, సురినామ్ దేశాలలోను ఉన్న నాలుగు మేత్రాసనాలకు (ఒక్కో పీఠాధిపతి పాలించే ప్రాంతాలకు) ఇది పెద్ద. పెద్దరికం ఉన్నా ఆ పీఠాల మీద దీని అజమాయిషీ నామమాత్రం. సొంత దేశంలో మాత్రం బడుల నిర్వహణలో దీనిది గట్టి పట్టు. ఆ పట్టుకు ఆధారం రోము ఇచ్చిన హోదా కన్నా, 1960లో స్థానిక ప్రభుత్వంతో కుదిరిన ఒక ఒప్పందం.

పోర్ట్ ఆఫ్ స్పెయిన్ అగ్రపీఠాధిపతిని "కరీబియన్ కతోలికుల అధినేత" అని రాయడం పత్రికలకు అలవాటు. ఆ అధినేతకు బార్బడోస్‌లోని ఒక చిన్న విచారణ (పారిష్) గురువును బదిలీ చేసే అధికారం కూడా లేదు. అదే మనిషి తన దేశంలోని కతోలిక బడిలో ఒక ప్రభుత్వ ఉపాధ్యాయుడి నియామకానికి అభ్యంతరం చెప్పి ఆపించగలరు. దూరంగా ఉన్న వాటి మీద గౌరవం, దగ్గరగా ఉన్న వాటి మీద పట్టు ఎందుకు ఉన్నాయో తెలియాలంటే శ్రీసభ (కతోలిక చర్చి) చట్టమూ చూడాలి, వలస చరిత్రా చూడాలి.

అగ్రపీఠం అంటే ఎంత అధికారం

ఒక ప్రాంతంలోని మేత్రాసనాలను కలిపి శ్రీసభ ఒక ప్రావిన్సుగా చూస్తుంది. అందులో ఒకటి అగ్రపీఠం, మిగతావి సఫ్రగన్ పీఠాలు. తెలుగువారికి దగ్గరి ఉదాహరణ విశాఖపట్నం అగ్రపీఠం. శ్రీకాకుళం, ఏలూరు, విజయవాడ, గుంటూరు, నెల్లూరు దాని సఫ్రగన్లు. గుంటూరు మేత్రాసనంలో ఏ విచారణకు ఎవరిని పంపాలో గుంటూరు పీఠాధిపతి ఇష్టం. విశాఖ అందులో తలదూర్చదు. పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌కూ బ్రిడ్జ్‌టౌన్, జార్జ్‌టౌన్, పారమారిబో, విల్లెమ్‌స్టాడ్ పీఠాలకూ ఉన్న సంబంధం కూడా అంతే.

అగ్రపీఠాధిపతికి చట్టం ఇచ్చిన పనులు కొన్నే. సఫ్రగన్ పీఠాలలో విశ్వాసం, క్రమశిక్షణ సరిగా ఉన్నాయో లేదో గమనించి, తేడా ఉంటే పాపుగారికి తెలియజేయాలి. సఫ్రగన్ పీఠాధిపతి తన విచారణలను సందర్శించే బాధ్యత వదిలేస్తే, రోము అనుమతి తీసుకుని తాను ఆ పని చేయవచ్చు. ఒక పీఠం ఖాళీ అయితే అక్కడి సలహా గురువుల బృందం ఎనిమిది రోజులలోగా తాత్కాలిక పాలకుణ్ణి ఎన్నుకోవాలి. గడువు దాటితే ఆ నియామకం అగ్రపీఠాధిపతి చేతికి వస్తుంది. సఫ్రగన్ న్యాయస్థానం తీర్పుల మీద అప్పీలు కూడా సాధారణంగా అగ్రపీఠం న్యాయస్థానానికే వెళుతుంది. 2019 నుంచి ఇంకొక బరువు కూడా చేరింది. సఫ్రగన్ పీఠాధిపతి మీద లైంగిక వేధింపుల ఆరోపణగానీ, అలాంటి కేసును కప్పిపుచ్చారన్న ఆరోపణగానీ వస్తే, రోము అనుమతితో ప్రాథమిక దర్యాప్తు జరపవలసింది సాధారణంగా అగ్రపీఠాధిపతే.

ఈ హోదాకు గుర్తు పాల్లియం. తెల్ల ఉన్నితో నేసి, ఆరు నల్ల సిలువలు కుట్టి, మెడ చుట్టూ వేసుకునే సన్నని పట్టీ అది. పదవి చేపట్టిన మూడు నెలలలోగా దాన్ని కోరుతూ రోముకు దరఖాస్తు చేసుకోవాలి. తన ప్రావిన్సు దాటి ఎక్కడా వేసుకోకూడదు.

పీఠాధిపతుల ఎంపికలోనూ అగ్రపీఠాధిపతిది సలహా వరకే. ప్రావిన్సులోని పీఠాధిపతులు కనీసం మూడేళ్ళకొకసారి, పదవికి తగిన గురువుల పేర్లు చర్చించి జాబితా పంపుతారు. ఖాళీ వచ్చినప్పుడు పాపుగారి రాయబారి రహస్యంగా అభిప్రాయాలు సేకరించి మూడు పేర్లు రోముకు పంపుతారు. నిర్ణయం పాపుగారిది. ఆంటిలీస్ (కరీబియన్ దీవుల) ప్రాంతపు రాయబారి కార్యాలయం పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లోనే ఉండటంతో ఈ పనులన్నీ అగ్రపీఠమే చేస్తోందని బయటివారు పొరబడటం సహజం.

జెండా మారింది, పీఠం మారలేదు

కరీబియన్‌లో మొదటి మేత్రాసనాలు ఏర్పడిన తీరులోనే ఈ ప్రాంతపు తిరకాసు కనిపిస్తుంది. 1504లోనే రెండవ జూలియస్ పాపు హిస్పానియోలా దీవిలో ఒక అగ్రపీఠాన్ని, దాని కింద మేత్రాసనాలను స్థాపిస్తూ శాసనం ఇచ్చారు. పీఠాధిపతులను ప్రతిపాదించే హక్కు రాజుకు అందులో దక్కలేదని స్పెయిన్ రాజు ఫెర్డినాండ్ దాన్ని అమలు కానివ్వలేదు. 1511లో మళ్ళీ మొదలుపెట్టి సాంటో డొమింగో, కన్సెప్సియోన్ డె లా వేగా, సాన్ హువాన్ మేత్రాసనాలను స్థాపించారు. వాటిని సముద్రం అవతలి సెవిల్లె అగ్రపీఠం కింద పెట్టారు. సాంటో డొమింగో అగ్రపీఠం కావడానికి 1546 దాకా ఆగాల్సి వచ్చింది. ఫ్రెంచి వారూ అదే బాట పట్టారు. 1850లో ఏర్పడిన మార్టినిక్ మేత్రాసనం 1967 దాకా ఫ్రాన్సులోని బోర్డో అగ్రపీఠానికి సఫ్రగన్.

ట్రినిడాడ్ చాలాకాలం ప్యూర్టోరికోలోని సాన్ హువాన్ పీఠం కింద ఉండేది. పేరుకు స్పెయిన్ దీవి అయినా అక్కడ స్పెయినువారు చాలా తక్కువ. ఆదివాసులను మతంలో చేర్చేందుకు వచ్చిన కపుచిన్ సన్యాసులదే ఎక్కువ పని. అది సాఫీగా సాగలేదు. 1699 డిసెంబరు 1న అరేనా మిషనులోని ఆదివాసులు తిరగబడి గురువులను, ఆ తర్వాత గవర్నరును చంపారు.

దీవి ముఖచిత్రాన్ని మార్చింది 1783 నవంబరు నాటి రాజశాసనం. స్పెయినుతో స్నేహంగా ఉన్న దేశాల కతోలికులు వచ్చి స్థిరపడవచ్చని అది పిలిచింది. వలస వచ్చిన ప్రతి శ్వేతజాతి మనిషికి సుమారు 32 ఎకరాలు, వెంట తెచ్చిన ప్రతి బానిసకు అందులో సగం. స్వేచ్ఛ పొందిన నల్లజాతి, మిశ్రమజాతి వారికి శ్వేతజాతి వారి వాటాలో సగం. భూమి దక్కాలంటే కతోలికుడై ఉండాలి. 1763లో బ్రిటిష్ చేతికి వెళ్ళిన గ్రెనడాలో ఇబ్బందులు పడుతున్న ఫ్రెంచి కతోలికులకు ఇది వరమైంది. 1797 లెక్కల నాటికి దీవి జనాభా 17,718. వారిలో 10,009 మంది బానిసలు. ప్రభుత్వ భాష స్పానిష్, వీధి భాష పాత్వా అనే ఫ్రెంచి యాస, మతం కతోలికం.

ఆ ఏడాదే ఫిబ్రవరిలో బ్రిటన్ దీవిని పట్టుకుంది. లొంగుబాటు షరతులలో కతోలిక ఆరాధనకు హామీ ఇచ్చింది. చిక్కు అక్కడే వచ్చింది. 1790లో ట్రినిడాడ్‌ను సాన్ హువాన్ నుంచి విడదీసి కొత్తగా ఏర్పడిన, నేటి వెనిజులాలోని గయానా మేత్రాసనంలో కలిపారు. ఆ పీఠాధిపతి ఉండేది ఒరినోకో నది ఒడ్డున, స్పెయిన్ గడ్డ మీద. దీవికి బ్రిటిష్ గవర్నరు, శత్రుదేశంలో పీఠాధిపతి. తర్వాత వెనిజులాలో స్వాతంత్ర్య యుద్ధం మొదలవడంతో ఆ కొంచెం సంబంధమూ తెగింది. మిగతా బ్రిటిష్ దీవుల కతోలికులు అప్పటికి లండన్‌లోని అపోస్తలిక వికారు (పాపుగారి ప్రతినిధి) కింద ఉండేవారు.

ఈ చిక్కుముడి విప్పడానికే రోము ట్రినిడాడ్ కేంద్రంగా ఒక అపోస్తలిక వికారియేట్ ఏర్పాటు చేసింది. పూర్తి స్థాయి మేత్రాసనం ఇంకా లేనిచోట పాపుగారి తరఫున ఒకరు పాలించే ఏర్పాటు అది. మొదటి వికారు జేమ్స్ బక్లీ 1820లో వచ్చారు. 1816లో గవర్నరు రాల్ఫ్ వుడ్‌ఫర్డ్ శంకుస్థాపన చేసిన కతీడ్రల్ (పీఠాధిపతి ప్రధాన గుడి) అప్పటికి సగంలో ఉంది. అది పూర్తయ్యేసరికి 1832. ప్రొటెస్టంట్ ప్రభుత్వపు గవర్నరు కతోలిక కతీడ్రల్‌కు పునాది రాయి వేయడం వింతగా తోచవచ్చు. జనంలో అత్యధికులు కతోలికులైనప్పుడు పాలకుడికి అది మతాభిమానం కన్నా పరిపాలన విషయం.

1850: ఒక్క సఫ్రగన్ ఉన్న అగ్రపీఠం

1850 ఏప్రిల్ 30న పోర్ట్ ఆఫ్ స్పెయిన్ అగ్రపీఠమైంది. సాక్షాత్తు ఇంగ్లండులో కతోలిక పీఠాలను పునరుద్ధరించింది ఆ తర్వాత ఐదు నెలలకు. అదే ఏడాది విశాఖపట్నం వికారియేట్ స్థాయికి చేరిందన్నది గమనిస్తే, ఆ రోజుల్లో రోము ఎంత తొందరగా పటాలు గీస్తోందో తెలుస్తుంది. విశాఖ 1886లో మేత్రాసనమై, 2001లో గానీ అగ్రపీఠం కాలేదు. పోర్ట్ ఆఫ్ స్పెయిన్ మాత్రం వికారియేట్ నుంచి నేరుగా ఆ మెట్టెక్కింది.

ఎక్కిందన్నమాటేగానీ, అప్పుడు దానికున్న సఫ్రగన్ ఒక్కటే: డొమినికా దీవిలోని రోసో. గ్రెనడా, సెయింట్ విన్సెంట్, సెయింట్ లూసియా దీవులు అగ్రపీఠం సొంత భూభాగంలో భాగం. ఓడలో రోజుల తరబడి ప్రయాణం చేస్తే తప్ప పీఠాధిపతి తన విచారణలను చూడలేని పరిస్థితి. గ్రెనడా, సెయింట్ లూసియా విడిపోయి సొంత మేత్రాసనాలైంది 1956లో. గయానా, సురినామ్, కురసావ్ వికారియేట్లు మేత్రాసనాలుగా మారిందీ 1956, 1958లలోనే. 1974లో సెయింట్ లూసియాలోని కాస్ట్రీస్ కూడా అగ్రపీఠం కావడంతో గ్రెనడా, రోసో అటు వెళ్ళాయి. ఇప్పుడున్న ప్రావిన్సు ఆకారం అలా తేలింది. అందులో ఇంగ్లిషు, డచ్చి, పాపియమెంతో మాట్లాడేవారు ఉన్నారు. విల్లెమ్‌స్టాడ్ పీఠం ఒక్కటే అరూబా నుంచి సింట్ మార్టెన్ దాకా ఆరు డచ్చి దీవులు చూసుకుంటుంది.

తొలి అగ్రపీఠాధిపతులకు కాలం కలిసి రాలేదు. పన్నెండేళ్ళలో ముగ్గురు మారారు. రిచర్డ్ స్మిత్ 1852లో మరణించారు. 1855లో వచ్చిన విన్సెంజో స్పక్కపియెత్ర ఇటలీ దేశస్థుడు. బ్రిటిష్ పౌరుడు కాదన్న కారణంతో వలస ప్రభుత్వం ఆయన జీతం ఆపింది. ఆయన 1859లో వెళ్ళిపోయారు. తర్వాతి వారైన ఫెర్డినాండ్ ఇంగ్లిష్ 1862లో మరణించారు. ప్రభుత్వ జీతం పుచ్చుకునే మతగురువు ప్రభుత్వ ఇష్టాయిష్టాలకు లోబడక తప్పదన్న సంగతి స్పక్కపియెత్ర ఉదంతంలో బయటపడింది. తర్వాతి వందేళ్ళూ అగ్రపీఠం డబ్బు కన్నా హక్కుల కోసం ఎక్కువ పట్టుబట్టడానికి ఇది ఒక కారణం అనుకోవచ్చు.

డొమినికన్ల నూట మూడేళ్ళు

1863 నుంచి 1966 దాకా వరసగా నలుగురు డొమినికన్ అనే సన్యాసుల సభవారే పీఠం మీద ఉన్నారు. మొదటివారు ఫ్రెంచి దేశస్థుడు జోకిం గోనిన్. తర్వాత ముగ్గురూ ఐర్లండు వారు: పాట్రిక్ ఫ్లడ్, జాన్ పయస్ డౌలింగ్, ఫిన్‌బార్ రయన్. డౌలింగ్ ఒక్కరే 31 ఏళ్ళు పాలించారు. ఫ్రెంచి భూస్వాముల మతంగా మొదలైన కతోలికం, ఇంగ్లిషు పాలనలో ఇంగ్లిషు మాట్లాడే ఐరిష్ గురువుల చేతికి వచ్చింది.

ఈ కాలంలోనే బడులు కట్టారు. క్లూనీ సెయింట్ జోసెఫ్ కన్యస్త్రీల కాన్వెంటు బడి 1836 నాటికే ఉంది. హోలీ గోస్ట్ గురువులు 1863లో సెయింట్ మేరీస్ కాలేజీ తెరిచారు. గవర్నరు లార్డ్ హారిస్ 1851 నుంచి నడిపిన మతరహిత వార్డు బడులు కతోలికులను ఆకట్టుకోలేదు. 1869లో పాట్రిక్ కీనన్ ఇచ్చిన నివేదిక ఆధారంగా 1870లో మతసంస్థల బడులకూ ప్రభుత్వ సాయం మొదలైంది. అదే ఏడాది ఆంగ్లికన్ సభకు అధికార మతం హోదా కూడా పోయింది.

1968లో అభిషేకం పొందిన ఆంథొనీ పాంటిన్ ఈ పీఠమెక్కిన మొదటి ట్రినిడాడ్ వాసి. రెండేళ్ళకే, 1970 ఫిబ్రవరి 26న, బ్లాక్ పవర్ ఉద్యమకారులు ఊరేగింపుగా కతీడ్రల్‌లోకి వెళ్ళి స్వరూపాలకు (ప్రతిమలకు) నల్లగుడ్డలు కప్పారు. దేశం స్వతంత్రమై ఏడేళ్ళు దాటినా గుడిలోని స్వరూపాలు ఇంకా తెల్లవారివేనన్నది వారి ఆక్షేపణ. పాంటిన్ 2000లో మరణించేదాకా పదవిలో ఉన్నారు. ఆ తర్వాత వచ్చిన ఎడ్వర్డ్ గిల్బర్ట్ రోసో నుంచి, ఇప్పటి జేసన్ గోర్డన్ బ్రిడ్జ్‌టౌన్ నుంచి బదిలీపై వచ్చారు. మధ్యలో 2011 నుంచి 2017 దాకా జోసెఫ్ హారిస్ ఉన్నారు.

1960 ఒప్పందం: అసలు పట్టు ఇక్కడుంది

ట్రినిడాడ్‌లో "కాంకార్డట్" అనే మాట ప్రతి ఏటా ఎస్‌ఈఏ ఫలితాల రోజుల్లో వినిపిస్తుంది. ఎస్‌ఈఏ అంటే ప్రాథమిక బడి ముగించిన పిల్లలకు సెకండరీ బడి కేటాయించే పరీక్ష. కాంకార్డట్ అన్నది మామూలుగా వాటికన్ ఒక దేశంతో చేసుకునే ఒప్పందం పేరు కావడంతో, దీన్నీ అలాంటిదే అనుకునేవారు చాలామంది. వాటికన్‌కు దీనితో సంబంధం లేదు. 1960 డిసెంబరులో ఎరిక్ విలియమ్స్ ప్రభుత్వం దేశంలోని మతసంస్థలకు ఇచ్చిన హామీపత్రం ఇది. కతోలికులతోపాటు ఆంగ్లికన్, ప్రెస్బిటేరియన్, హిందూ, ముస్లిం బడులకూ ఇది వర్తిస్తుంది.

ముఖ్యాంశాలు ఇవి. బడి ఆస్తి, నిర్వహణ మతసంస్థ చేతిలోనే ఉంటాయి. సంస్థ అధికారికంగా వద్దన్న పుస్తకాన్ని ఆ బడిలో పెట్టరాదు. అక్కడ ఆ మతమే బోధిస్తారు, వేరే మతపు పిల్లలను మాత్రం ఆ పాఠాలకు బలవంతపెట్టరాదు. ఉపాధ్యాయుల నియామకం, బదిలీ, తొలగింపు ప్రభుత్వ కమిషన్ చేతిలో ఉంటాయి. నైతిక, మతపరమైన కారణాలు చూపి సంస్థ అభ్యంతరం చెబితే ఆ ఉపాధ్యాయుణ్ణి ఆ బడిలో వేయకూడదు.

గొడవంతా సీట్ల దగ్గర. ఫారం వన్‌లో (సెకండరీ మొదటి తరగతిలో) 140 సీట్లున్న బడి అనుకుందాం. కనీసం 80 శాతం, అంటే 112 సీట్లు, పరీక్ష మార్కులను బట్టి ప్రభుత్వం నింపుతుంది. మిగిలిన 28 వరకు సీట్లను ప్రిన్సిపాల్ తన విచక్షణతో ఇవ్వవచ్చు. సాధారణంగా ఉత్తీర్ణుల జాబితాలోంచే తీసుకోవాలన్నది షరతు. ఆ జాబితాలో ఎవరికి ముందు ఇవ్వాలో మాత్రం ఒప్పందం చెప్పలేదు. అన్నదమ్ములు చదివిన బడి అనో, విచారణకు చెందిన కుటుంబం అనో, సంగీతంలో ఆటలలో దిట్ట అనో ఇవ్వవచ్చు. తన బిడ్డ కన్నా తక్కువ మార్కులు వచ్చిన పిల్లవాడికి సీటు దొరికిందని తెలిసిన తల్లికి కారణం చెప్పేవారు ఉండరు. ఈ ఏర్పాటులోని బలహీనత కోటా ఉండటం కన్నా, కోటాకు రాసిపెట్టిన కొలమానం లేకపోవడం.

సంస్థలు చెప్పే సమాధానమూ తేలిగ్గా తీసిపారేయదగింది కాదు. స్థలం వారిది, కట్టడం వారిది, ప్రభుత్వం బడులు కట్టని రోజుల్లో పిల్లలకు చదువు చెప్పింది వారు. బడి స్వభావం నిలవాలంటే కొంతమందినైనా ఎంచుకునే వీలు ఉండాలంటారు. హిందూ సంస్థలకూ ఇదే హక్కు ఉండటంతో, కోటా తీసేయాలన్న వాదన ఒక్క కతోలికులకే కాక చాలా సంఘాలకు ఒకేసారి తగులుతుంది. ఏ ప్రభుత్వమూ దీన్ని ముట్టుకోకపోవడానికి అదొక్కటే చాలు.

ఆచరణలో ఇంకొక ఇబ్బంది ప్రిన్సిపాల్ నియామకం. జీతం ఇచ్చేది, నియమించేది ప్రభుత్వం, అభ్యంతరం చెప్పే హక్కు మతసంస్థ బోర్డుది. ఇద్దరికీ నచ్చిన మనిషి దొరికేదాకా కుర్చీ ఇన్‌ఛార్జితో నడుస్తుంది.

హైతీతో పోల్చితే తేడా స్పష్టంగా కనిపిస్తుంది. అక్కడిది నిజంగా వాటికన్‌తో కుదిరిన కాంకార్డట్, 1860 నాటిది. దాని ప్రకారం పీఠాధిపతులను ప్రతిపాదించే హక్కు దేశాధ్యక్షుడికి దక్కింది. మరుసటి ఏడాది పోర్ట్ ఓ ప్రిన్స్ అగ్రపీఠం ఏర్పడింది. వందేళ్ళ తర్వాత, 1960 నవంబరులో, నియంత ఫ్రాన్సువా డువాలియే ఆ అగ్రపీఠాధిపతిని దేశం నుంచి వెళ్ళగొట్టాడు. సరిగ్గా ఆ మరుసటి నెలలో ట్రినిడాడ్ ఒప్పందం కుదిరింది. హైతీలో అంతర్జాతీయ ఒప్పందం ఉండి కూడా రక్షణ లేకపోయింది. ట్రినిడాడ్‌లో ఓ హామీపత్రం తరాలు దాటి నిలిచింది, ఎందుకంటే దాన్ని కాపాడుకోవాల్సిన అవసరం అన్ని మతాలకూ ఉంది.

సిపారియా మాత: చట్టంలో లేని ఏర్పాటు

1845 మే 30న ఫతేల్ రజాక్ ఓడతో మొదలై 1917 దాకా లక్షా నలభై వేలకు పైగా భారతీయ కూలీలు ట్రినిడాడ్ చేరారు. ఎక్కువమంది కలకత్తా రేవు నుంచి వెళ్ళినవారు. మద్రాసు రేవు నుంచి వెళ్ళిన ఓడలలో తమిళులతోపాటు తెలుగువారూ ఉన్నారు. అక్కడ వారందరినీ కలిపి "మద్రాసీ" అన్నారు.

దీవి దక్షిణాన సిపారియా విచారణలో కపుచిన్ సన్యాసుల కాలం నాటి దివ్య కాపరి మాత (మరియమాత) స్వరూపం ఉంది. నల్లని మోము. హిందువులు ఆమెను "సిపారీ మాయి" అంటారు. పవిత్ర గురువారం రాత్రి నుంచి శుభ శుక్రవారం దాకా బారులు తీరి నూనె, బియ్యం, పూలు, నగలు సమర్పిస్తారు. పసివాళ్ళ పుట్టువెంట్రుకలు అక్కడే తీయిస్తారు. వేములవాడలోనో తిరుమలలోనో మొక్కు తీర్చుకున్నవారికి ఆ దృశ్యం కొత్తేమీ కాదు.

చిక్కేమిటంటే, ఆ రెండు రోజులు కతోలిక ఆరాధనలో కూడా ఏడాది మొత్తానికీ గంభీరమైనవి. గురువారం పూజ తర్వాత పీఠం మీది వస్త్రాలు తీసేస్తారు, శుక్రవారం దివ్యబలిపూజ ఉండదు. గుడిలో ఒకవైపు మౌనం, ఒకవైపు మొక్కులు కుదరవు. అందుకని స్వరూపాన్ని పక్కన హాల్లోకి మార్చి అక్కడ దర్శనానికి ఉంచుతారు. కతోలికుల సొంత పండుగ ఈస్టరు తర్వాత వేరే రోజున. ఒకే స్వరూపం, రెండు మతాలు, రెండు పండుగలు.

ఇప్పటి ఒత్తిళ్ళు

2000 జనాభా లెక్కల్లో ట్రినిడాడ్ అండ్ టొబాగోలో కతోలికులు 26 శాతం. 2011లో 21.6 శాతం. అప్పటికీ వారిదే అతిపెద్ద ఒకే సభ, హిందువులు 18.2 శాతంతో తర్వాతి స్థానంలో నిలిచారు. పెంటెకోస్తు, ఎవాంజెలికల్ సభలు 12 శాతానికి చేరాయి. బడులలో కతోలిక బోర్డు వాటా మాత్రం ఈ శాతాలతో పాటు తగ్గలేదు. కోటా మీద వచ్చే విమర్శకు ఈ అంతరం కూడా పదును పెడుతోంది.

రెండో ఒత్తిడి గురువుల కొరత. ఐరిష్, ఫ్రెంచి సభలు మనుషులను పంపే రోజులు పోయాయి. పక్కపక్క విచారణలను జట్లుగా కలిపి ఒకే గురువుకు అప్పగించడం ఆనవాయితీ అవుతోంది. ఊరి గుడిలో ఆదివారం పూజ వేళలు మారతాయి, విచారణ లెక్కల పుస్తకం మాత్రం దేనికదే రాయాలి.

కొత్త గురువుల శిక్షణ ట్యునపునా ఎగువన మౌంట్ సెయింట్ బెనెడిక్ట్ కొండ మీద జరుగుతుంది. బ్రెజిల్‌లోని బాహియా నుంచి వచ్చిన బెనెడిక్టిన్ సన్యాసులు 1912లో ఆ మఠాన్ని స్థాపించారు. అక్కడి సెమినరీకి ఆంటిలీస్‌లోని పలు పీఠాలు విద్యార్థులను పంపుతాయి. ఈ ప్రాంతపు పీఠాలన్నిటి ఉమ్మడి వేదికైన ఆంటిలీస్ పీఠాధిపతుల సమాఖ్య కార్యాలయం కూడా ట్రినిడాడ్‌లోనే ఉంది. పోర్ట్ ఆఫ్ స్పెయిన్, కింగ్‌స్టన్, కాస్ట్రీస్, నసావ్, ఫోర్ట్ డి ఫ్రాన్స్ అగ్రపీఠాలు అందులో సమాన సభ్యులు. చదువు ముగిసిన విద్యార్థి తన సొంత పీఠాధిపతి చేతుల మీదుగానే అభిషేకం పొందుతాడు. పారమారిబో నుంచి వచ్చినవాడు పారమారిబోకే తిరిగి వెళతాడు. పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో ఎన్ని విచారణలు ఖాళీగా ఉన్నా అతణ్ణి ఆపుకునే హక్కు అగ్రపీఠాధిపతికి లేదు.